మాటలు ఆలస్యమైన బిడ్డ: భాషా లోపమా, ఆటిజమా తేల్చుకోవడం ఎలా

మూడేళ్ళు దగ్గరపడుతున్నా మాటలు సరిగా రాని బిడ్డ ఉన్న ఇంట్లో సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళ దాకా మాటలు రాలేదు, వాటంతట అవే వస్తాయి" అని పెద్దలు అంటారు. "ఎందుకైనా మంచిది, ఆటిజమేమో చూపించండి" అని ఎవరో బంధువు గొంతు తగ్గించి చెబుతారు. మన దగ్గర పేరు కూడా పెద్దగా తెలియని మూడో అవకాశం మరొకటి ఉంది. చెవులు బాగానే వినిపిస్తూ, ఆటల్లో తెలివి కనబడుతూ, మనుషులతో కలవాలన్న ఆరాటం నిండుగా ఉండి, భాష ఒక్కటే పట్టుబడని పిల్లలు ఉంటారు. ఈ స్థితిని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. వైద్యులు డీఎల్‌డీ అని క్లుప్తంగా రాస్తారు. ఈ వ్యాసంలో దానిని భాషా లోపం అని పిలుచుకుందాం.

ఇది అరుదైనదేమీ కాదు. ఇంగ్లండులో కొత్తగా బడిలో చేరిన పిల్లలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వేరే కారణమేదీ కనబడని భాషా లోపం వందకు సుమారు ఏడుగురిలో తేలింది. ఆటిజం ప్రపంచవ్యాప్తంగా రమారమి వందకు ఒకరిలో ఉంటుందని అంచనా. అయినా ఆటిజం పేరు వినని తల్లి నేడు లేదు, భాషా లోపం పేరు విన్న ఉపాధ్యాయుడు కనబడడు. దీనికొక కారణం, నిపుణులే చాలాకాలం దానిని తలో పేరుతో పిలవడం. బ్రిటిష్ మనస్తత్వవేత్త డొరొతీ బిషప్ నాయకత్వంలో ఇంగ్లీషు మాట్లాడే దేశాల నిపుణులు చర్చించుకుని 2017 నాటికి ఈ పేరు మీద ఏకాభిప్రాయానికి వచ్చారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోనూ అది ఉంది.

ఒక సంగతి ముందే స్పష్టం చేయాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి భాష కూడా ఆలస్యమవుతుంది. అప్పుడు దానిని డీఎల్‌డీ అనరు, ఆటిజంతో కూడిన భాషా ఇబ్బందిగా చూస్తారు. కాబట్టి బిడ్డకు ఎన్ని మాటలు వచ్చాయన్న లెక్క ఒక్కటే ఈ రెండింటినీ వేరు చేయలేదు. ఉన్న మాటలతో, మాటలు లేకపోతే చేతులతో, కళ్ళతో, బిడ్డ ఎదుటి మనిషిని ఏ విధంగా అందుకోవాలని చూస్తోందన్నదే అసలు గమనించవలసిన విషయం.

మొదట చెవి పరీక్ష

ఏ అనుమానానికైనా ముందు వినికిడి పరీక్ష జరగాలి. "టీవీ పెట్టగానే పరుగెత్తుకొస్తాడు, కాబట్టి చెవులు బాగున్నాయి" అనే తర్కం పనికిరాదు. కొన్ని స్థాయుల శబ్దాలు వినబడి, స, ష, త వంటి సన్నని ధ్వనులు వినబడని పిల్లలు ఉంటారు. మాటిమాటికి జలుబు చేసి చెవి పొర వెనుక ద్రవం నిలిచే పిల్లలకు ఒక నెల బాగా వినబడి, మరో నెల వినబడకపోవచ్చు. చిన్న పిల్లలకు నిద్రలోనే చేసే బెరా, ఓఏఈ అనే వినికిడి పరీక్షలు ఉన్నాయి. వాటి నివేదిక చేతిలో లేకుండా ఆటిజం అనిగానీ భాషా లోపమనిగానీ ఎవరైనా చెబితే, ఆ మాటను అంతిమంగా తీసుకోకండి.

ఈ దశలోనే మన ఇళ్ళలో జరిగే రెండు పనులను కూడా ప్రస్తావించాలి. బిడ్డకు తేనెలో వస అరగదీసి నాకిస్తే మాటలు త్వరగా వస్తాయన్న నమ్మకానికి ఆధారం లేదు. పైగా ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టడం ప్రమాదం. అందులో ఉండగల బోటులిజం సూక్ష్మజీవి ఆ వయసు పేగుల్లో పెరిగి విషాన్ని పుట్టిస్తుంది. నాలుక కింది పొర అతుక్కుని ఉందని కోయించడం రెండోది. అది పాలు తాగడాన్ని, కొన్ని శబ్దాల ఉచ్చారణను ఇబ్బంది పెట్టవచ్చు గానీ, బిడ్డకు మాటల అర్థం తెలియకపోవడానికీ, వాక్యం కూర్చలేకపోవడానికీ కారణం కాదు.

ఇంట్లో ఏం గమనించాలి

రెండున్నరేళ్ళ పిల్లవాడికి అందని ఎత్తులో బిస్కెట్ల డబ్బా ఉందనుకుందాం. వాడికి డబ్బా అన్న మాట రాదు. భాషా లోపం ఉన్న పిల్లవాడు సాధారణంగా డబ్బా వైపు వేలు చూపిస్తాడు, వెంటనే అమ్మ ముఖంలోకి చూస్తాడు, మళ్ళీ డబ్బా వైపు చూస్తాడు, "ఊ, ఊ" అంటాడు. అమ్మకు అర్థం కాకపోతే నోటికి చెయ్యి పెట్టి తింటున్నట్టు అభినయిస్తాడు. మాట లేదు గానీ సంభాషణ ఉంది. ఆటిజం ఉన్న పిల్లవాడు అమ్మ మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి, ఆ చేతిని డబ్బా వైపు ఎత్తవచ్చు. ఆ సమయంలో వాడి చూపు డబ్బా మీదే ఉంటుంది, అమ్మ ముఖం వైపు తిరగదు. చాలా ఇళ్ళలో ఈ రెండు దృశ్యాలనూ "చూపించి అడుగుతాడు" అనే ఒకే మాటతో డాక్టరుకు చెప్పేస్తారు, తేడా అక్కడే పోతుంది.

కావలసినదాన్ని అడగడం కంటే, ఏమీ అక్కర లేకుండా కేవలం చూపించడం ఇంకా విలువైన ఆనవాలు. ఆకాశంలో విమానం వెళ్తుంటే, వీధిలో ఎద్దు కనబడితే, బిడ్డ వేలు చూపించి మీరూ చూశారా అని మీ వైపు తిరుగుతుందా? కొత్త చెప్పులు తొడిగితే కాళ్ళు ముందుకు చాపి తాతకు చూపిస్తుందా? తన ఆనందంలో మిమ్మల్ని కలుపుకునే ఈ పని ఏడాది వయసు దాటాక మొదలై, ఏడాదిన్నరకల్లా బాగా స్థిరపడుతుంది. భాషా లోపం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువగా నిలిచే ఉంటుంది. ఆటిజంలో చాలాసార్లు తగ్గిపోతుంది, లేదా కనబడదు.

ఆటను కూడా చూడండి. బొమ్మకు అన్నం తినిపించడం, ఖాళీ గ్లాసులో టీ పోసి మామయ్యకు ఇవ్వడం, రిమోట్‌ను ఫోనుగా చెవికి పెట్టుకోవడం వంటి ఊహా క్రీడలు మాటలు తక్కువైనా భాషా లోపం ఉన్న పిల్లలు ఆడతారు. కారును నడపకుండా తిరగేసి చక్రాన్నే తిప్పుతూ ఉండడం, వస్తువులను వరసగా పేర్చి ఎవరైనా కదిపితే తట్టుకోలేకపోవడం, రోజూ వెళ్ళే దారి మారితే తల్లడిల్లడం, కుక్కర్ విజిల్‌కో మిక్సీ శబ్దానికో చెవులు మూసుకుని ఏడవడం, చేతులు ఆడించడం వంటివి ఆటిజం వైపు సూచిస్తాయి. అయితే వరసగా పేర్చడం ఒక్కటే చూసి హడలిపోవద్దు. రెండేళ్ళ పిల్లలు చాలామంది ఆ పని చేస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, మనుషులతో వ్యవహరించడంలో ఇబ్బందితో పాటు ఇటువంటి పునరావృత ప్రవర్తనలూ కలిసి ఉంటేనే ఆటిజం అనాలి. మొదటిది మాత్రమే ఉండి రెండోది లేని పిల్లలకు సామాజిక సంభాషణా లోపం అనే వేరే నిర్ధారణ ఉంది. నాలుగైదేళ్ళు రాకముందు దానిని తేల్చడం కష్టం.

తరువాతిది, అర్థం చేసుకోవడం. "మాటలు రావు గానీ అన్నీ అర్థమవుతాయి" అని తల్లిదండ్రులు చెప్పే మాటను నేను తేలికగా ఒప్పుకోను. తాళాలు చేత పట్టుకుని గుమ్మం వైపు నడుస్తూ "చెప్పులు తీసుకురా" అంటే, మాట అర్థం కాని బిడ్డ కూడా చెప్పులు తెస్తుంది. పరిస్థితే మొత్తం చెప్పేస్తోంది. కదలకుండా కూర్చుని, చేతులతో సైగ చేయకుండా, చెంచా వైపు చూడకుండా, మూడేళ్ళు దాటిన బిడ్డకు "చెంచాను గిన్నె కింద పెట్టు" అని చెప్పి చూడండి. గిన్నెలో వేస్తే "కింద" అన్నది అందలేదన్నమాట. ఇటువంటివి వేర్వేరు రోజుల్లో కొన్నింటిని ప్రయత్నించి రాసుకుంటే, స్పీచ్ థెరపిస్టుకు అది ఎంతో ఉపయోగపడుతుంది.

మాటలు వచ్చాక తెలుగులో కనబడే తేడాలు

మన భాషలో క్రియ చివర ఎవరు చేశారో తెలుస్తుంది, నామం చివర కి, లో, తో, నుంచి వంటివి వచ్చి చేరతాయి. భాషా లోపం ఉన్న పిల్లలు తడబడే చోట్లు ఎక్కువగా ఇవే. ఐదేళ్ళ పిల్లవాడు "నేను బడికి వెళ్ళాను" అనవలసినప్పుడు "నేను బడి వెళ్ళింది" అనవచ్చు; "తాత బండి మీద నుంచి పడ్డాడు" అనలేక "తాత బండి పడ్డాడు" అని ఆగిపోవచ్చు. వస్తువుల పేర్లు అందక "అది, అలా, అక్కడది" అంటూ చేతులతో పూరిస్తాడు. కొంచెం పొడవైన వాక్యాన్ని తిరిగి చెప్పమంటే మధ్యలో మాటలు జారిపోతాయి. చెప్పాలన్న తపన మాత్రం స్పష్టంగా కనబడుతుంది, చెప్పలేక ఉక్రోషపడడమూ కనబడుతుంది. రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలందరూ ఇటువంటి తప్పులు చేస్తారు. తోటి పిల్లలకు పోయిన తరువాత కూడా ఐదేళ్ళకు ఇవి నిలిచి ఉంటేనే ఆలోచించాలి.

ఆటిజం ఉన్న పిల్లవాడి మాట ఇంకోలా ఉండవచ్చు. దాహం వేసినప్పుడు "నాకు నీళ్ళు కావాలి" అనకుండా, అమ్మ రోజూ తనను అడిగే "నీకు నీళ్ళు కావాలా?" అనే ప్రశ్ననే అదే స్వరంతో తిరిగి అంటాడు. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు. ఎవరి నోట ఎవరికి చెప్పవలసినదన్న దగ్గరే తారుమారైంది. టీవీ ప్రకటనను ఉన్నదున్నట్టు వల్లించడం, ఏ నుంచి జడ్ దాకా, ఒకటి నుంచి నూరు దాకా గడగడా చెప్పడం, కానీ ఆకలేస్తే అడగకపోవడం ఈ కోవలోనివే. రెండేళ్ళ బిడ్డ నూరు దాకా లెక్కబెడితే మనవాళ్ళు మురిసిపోయి వీడియో తీస్తారు. ఆ బిడ్డ "అమ్మా, రా" అని పిలుస్తోందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

పై తేడాలన్నీ ఎక్కువమందిలో కనబడేవి, అందరికీ వర్తించే కొలతలు కావు. "నా కళ్ళలోకి చూస్తాడు, ముద్దు పెడతాడు, కాబట్టి ఆటిజం కాదు" అనుకోవడం పొరపాటు. ఆటిజం ఉన్న పిల్లలు తమవారిని గాఢంగా ప్రేమిస్తారు. అలాగే భాషా లోపం ఉన్న పిల్లవాడు బడిలో టీచరు చెప్పేది అందక మూల కూర్చుంటే, తోటివారు మాట్లాడే వేగం తట్టుకోలేక ఒంటరిగా ఆడుకుంటే, బయటివారికి ఆటిజంలా కనబడవచ్చు. వాడిని ఇంట్లో, అలవాటైన అన్నయ్యతో ఆడుతుండగా చూస్తే సంగతి తెలుస్తుంది. ఆడపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నెమ్మదస్తురాలు, సిగ్గరి అన్న పేరు కింద ఆటిజం ఏళ్ళ తరబడి దాగిపోతుంది.

ఎదురుచూడకుండా వెళ్ళవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఏడాది నిండినా ముద్దు పలుకులు గానీ వేలు చూపడం గానీ లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్ళకు "అమ్మ రా", "పాలు ఇవ్వు" వంటి రెండు మాటల కలయిక సొంతంగా లేకపోవడం వాటిలోవి. రెండేళ్ళకు ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తరువాత అందుకుంటారన్నది నిజమే. ఎవరు అందుకుంటారో ముందే చెప్పలేకపోవడం వల్లనే చూపించమనేది. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే వెళ్ళాలి. మూడేళ్ళు దాటి చక్కగా మాట్లాడే బిడ్డ హఠాత్తుగా చెప్పింది అర్థం చేసుకోలేని స్థితికి వస్తే, మూర్ఛలకు సంబంధించిన అరుదైన కారణం ఉండవచ్చు. నరాల వైద్యుడు నిద్రలో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయిస్తారు.

ఎవరి దగ్గరకు, ఏమి పట్టుకుని వెళ్ళాలి

పిల్లల వైద్యుడితో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పిల్లల ఎదుగుదల నిపుణులు, స్పీచ్ థెరపిస్టు, క్లినికల్ సైకాలజిస్టు చూడాలి. థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు సంఖ్య ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి. ప్రభుత్వ రంగంలో, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాలు జిల్లా స్థాయిలో ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ, అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. ఆటిజం తీవ్రతను కొలవడానికి మన దేశంలో వాడే 40 అంశాల భారతీయ కొలమానం రూపుదిద్దుకున్నది సికింద్రాబాద్‌లోని ఆ జాతీయ సంస్థలోనే.

ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియోలు తీసుకెళ్ళండి: బిడ్డ ఏదైనా అడుగుతున్నప్పటిది, వేరే పిల్లలతో ఆడుతున్నప్పటిది, తనలో తాను ఉన్నప్పటిది. కొత్త గదిలో, తెల్లకోటు ముందు బిగుసుకుపోయిన బిడ్డను పది నిమిషాలు చూసి ఎవరూ నిర్ణయం చెప్పకూడదు. ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం 16 నుంచి 30 నెలల పిల్లల్లో ఆటిజం అనుమానం ఉన్నవారిని జల్లెడ పట్టడానికి మాత్రమే. ఇంటర్నెట్‌లో దాన్ని నింపి వచ్చిన అంకెను నిర్ధారణగా భావించి నిద్ర పోగొట్టుకోవద్దు.

పరీక్ష ఇంటి భాషలో జరగాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, పక్కింట్లో హిందీ వినే బిడ్డకు ఇంగ్లీషు బొమ్మల పుస్తకంతో పరీక్ష పెడితే లేని లోపం కనబడుతుంది. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపమూ రాదు, ఆటిజమూ రాదు. నిజమైన భాషా లోపం బిడ్డ వాడే అన్ని భాషల్లోనూ కనబడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్న సలహా ఇప్పటికీ ఎదురవుతూ ఉంటుంది. దాన్ని పాటించి, తనకు సహజంగా రాని భాషలో అమ్మమ్మ బిడ్డతో మాట్లాడబోతే, బిడ్డ వినే మాటలు తగ్గుతాయి తప్ప పెరగవు. అక్కడి ప్రత్యేక విద్యా చట్టం ప్రకారం, బిడ్డ మాతృభాషలో మదింపు చేయమని అడిగే హక్కు మీకుంది. దుబాసీ కావాలని రాతపూర్వకంగా కోరండి.

పేరు పెట్టడం దగ్గర వచ్చే చిక్కు

అన్నీ తేలాక, చాలామంది తల్లిదండ్రులు వైద్యుడిని అడిగేది ఒకటే: "కాగితం మీద ఆటిజం అని రాయకండి, స్పీచ్ డిలే అని రాయండి." ఆ అభ్యర్థన వెనుక ఉన్న భయం నాకు అర్థమవుతుంది. బడిలో సీటు ఇవ్వరేమో, రేపు అక్క పెళ్ళి సంబంధానికి అడ్డొస్తుందేమో, అత్తవారింట్లో కోడలి వంశాన్ని తవ్వుతారేమో అన్నవి ఊహలేమీ కావు. అయినా ఆ కాగితం బంధువుల కోసం రాసేది కాదు, రేపటి నుంచి థెరపీ గదిలో ఏం జరగాలో చెప్పేది. భాషా లోపం ఉన్న బిడ్డతో పదసంపద, వాక్య నిర్మాణం, కథ చెప్పడం మీద పనిచేస్తారు. ఆటిజం ఉన్న చిన్న బిడ్డకు ముందు ఒకే వస్తువు మీద ఇద్దరి దృష్టీ కలపడం, వంతులవారీగా ఆడడం, అవసరమైతే బొమ్మ కార్డులతోనైనా అడగడం నేర్పుతారు. దానితో పాటు శబ్దాలు, స్పర్శలు కలిగించే ఇబ్బందినీ చూసుకుంటారు. పేరు మార్చి రాయిస్తే బిడ్డకు ఈ రెండో సహాయం అందదు, "మాట పలికించడం" మీదే ఏళ్ళు గడిచిపోతాయి.

సిగ్గును తగ్గించుకోవడానికి దొరికిన ఇంకో పేరు "వర్చువల్ ఆటిజం". ఫోను వల్ల వచ్చింది, ఫోను మానితే పోతుంది అని చెప్పే ఈ మాట ఏ అధికారిక వర్గీకరణలోనూ లేదు. ఫోను తగ్గిస్తే బిడ్డతో మాట్లాడే సమయం పెరుగుతుంది, అది మంచిదే. కానీ ఈ పేరు తల్లిని దోషిగా నిలబెడుతుంది. తల్లిని నిందించడం కొత్తేమీ కాదు. గత శతాబ్దం మధ్యలో ఆటిజానికి ప్రేమ చూపని తల్లులే కారణమని పెద్ద చదువులు చదివినవారే అన్నారు, తరువాత అది పూర్తిగా తప్పని తేలింది. టీకాలతో ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని, ప్రచురించిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. పెంపకం వల్లా టీకాల వల్లా ఆటిజం రాదు. భాషా లోపమూ పెంపకం వల్ల రాదు. పూర్తిగా నయం చేస్తామంటూ మూలకణ చికిత్సకు లక్షలు అడిగేవారి గుమ్మం ఎక్కవద్దు.

భాషా లోపానికి అంటుకునే మచ్చ వేరే రకం. ఈ పేరు ఎవరూ వినలేదు గనుక దానికి నింద లేదు. పేరు లేని పిల్లవాడికి మాత్రం "మొద్దు", "బద్ధకం", "చెప్పిన మాట వినడు" అన్న బిరుదులు తరగతి గదిలో దొరుకుతాయి. చట్టం కూడా వాడిని సరిగా చూడదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది, చదువుకు సంబంధించిన నిర్దిష్ట అభ్యసన లోపాలు ఉన్నాయి. వాక్ భాషా వైకల్యం కూడా ఉంది గానీ, దాని నిర్వచనం స్వరపేటిక తొలగింపు, మెదడు దెబ్బతిని మాట పోవడం వంటి శాశ్వత స్థితుల చుట్టూ తిరుగుతుంది. అందువల్ల భాషా లోపం ఉన్న పిల్లవాడికి, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో సరిపోయే గడి దొరకడం కష్టం. ధ్రువపత్రం కోసం ఆటిజమని రాయించుకోమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. పైన చెప్పిన కారణానికే అదీ తప్పు, అటునుంచి చేసే తప్పు.

ఇంట్లో, బడిలో చెప్పేటప్పుడు పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆగకుండా, ఏం చేయాలో కూడా చెప్పండి. టీచరుతో, "మా అబ్బాయికి భాషా లోపం ఉంది. తెలివికి లోటు లేదు. పెద్ద సూచనను రెండు ముక్కలుగా చెప్పండి, జవాబుకు కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి" అనవచ్చు. ఆటిజం విషయంలో, "గంట మోగే ముందు ఒకసారి చెప్పండి, హఠాత్తుగా శబ్దం వస్తే తట్టుకోలేడు" అనవచ్చు. బంధువులందరికీ నివేదిక చదివి వినిపించవలసిన పనిలేదు. బిడ్డతో రోజూ గడిపే నలుగురికి తెలిస్తే చాలు. "తగ్గిపోతుందా?" అని అడిగేవారికి, "నేర్చుకుంటున్నాడు, ఇలా మాట్లాడితే వాడికి తేలిక" అన్న జవాబు సరిపోతుంది.

మూడేళ్ళకు ఇచ్చిన నిర్ధారణను ఒకటో తరగతికి ముందు మళ్ళీ చూపించుకోవాలి. భాషా లోపం అనుకున్న బిడ్డలో, తోటివారితో వ్యవహారం జటిలమయ్యే కొద్దీ ఆటిజం లక్షణాలు స్పష్టం కావచ్చు. ఆటిజమేమో అనుకున్న బిడ్డ, భాష పెరిగే కొద్దీ కలుపుగోలుగా తయారై, మిగిలింది భాషా లోపమేనని తేలవచ్చు. కొత్త మదింపులో కనబడిన ఆధారంతో పేరు మారితే దాన్ని అంగీకరించండి. భాషా లోపం ఉన్న పిల్లల్లో చాలామందికి చదవడం, రాయడం దగ్గర కూడా ఇబ్బంది వస్తుంది కాబట్టి, రెండో తరగతి చివరికల్లా గుణింతాలు, ఒత్తులు కుదరకపోయినా, చదివినదాని అర్థం చెప్పలేకపోయినా, పాత నివేదికలన్నీ తీసుకుని అభ్యసన లోపాల పరీక్షకు వెళ్ళండి. చట్టంలో ఆ గడి ఉంది, పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు అక్కడి నుంచి అడగవచ్చు.